ఆరుగురిలో ఒకడు తడబడితే...

శంషాబాద్ పక్కనే అమ్మపల్లిలో ఉన్న సీతారామచంద్రస్వామి గుడి తెలియని సినిమావాళ్ళు ఉండరు. ఆ గోపురం, ఆ కోనేరు, ఆ కొబ్బరితోట ఎన్ని సినిమాల్లో కనిపించాయో! మొన్నామధ్య అక్కడ షూటింగ్ జరుగుతుంటే వెళ్ళాను. (ఫ్రీలాన్స్ విలేకరిని లెండి. పిలిస్తే వెళ్తాను, పిలవకపోయినా వెళ్తాను!)

ఎవరో కొత్త కుర్రాడు. ఒకే ఒక్క డైలాగు. ఎదురుగా ఆరితేరిన నటుడు. మొదటి టేకు తడబడ్డాడు. రెండో టేకు మరిచిపోయాడు. ఏడో టేకు కొచ్చేసరికి మేకప్ మీద చెమట కాలవలు కడుతోంది. చుట్టూ వందమంది జనం. అప్పుడు డైరెక్టర్ గారు “కట్” చెప్పి, కెమెరామన్ వైపు తిరిగి, “లైటు సరిగా లేదండీ, ఓ పది నిమిషాలు చూసుకోండి” అన్నారు. లైటు బ్రహ్మాండంగా ఉంది! ఆ సంగతి నాకూ తెలుసు, కెమెరామన్‌కీ తెలుసు. ఆ పది నిమిషాలూ ఆయన కుర్రాణ్ణి కోనేటి గట్టు మీదికి తీసుకెళ్ళి నెమ్మదిగా ఏదో మాట్లాడారు. ఎనిమిదో టేకు ఓకే!

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తల దించుకున్నాను. ఎందుకంటారా? అంతకు మూడు రోజుల ముందే, సరిగ్గా ఇలాంటి సందర్భంలో, మా సొంత బావగారిని నలుగురి ముందూ కడిగేశాను మరి!

అదెక్కడో కాదు, ఆన్‌లైన్ ఆటలో. బీజీఎంఐలో నలుగురు కలిసి బరిలో దిగడం మీలో చాలామందికి అలవాటే. ‘రైడ్’ అనేది దానికి పెద్దన్నయ్య లాంటిది. ఒక్క హీరో వల్ల కాని మల్టీస్టారర్ క్లైమాక్స్ అనుకోండి. 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో మొదట్లో నలభై మంది కలిసి చేసే రైడ్‌లుండేవి. మేమాడే ‘డెస్టినీ 2’లో ఆరుగురు చాలు. ఆరుగురిలో నేనొకణ్ణి. బెజవాడలో ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళిద్దరు. వరంగల్‌లో మందుల షాపాయన ఒకరు. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఆయన ఇంకొకరు. మనకు శనివారం రాత్రి పదిన్నరైతే, వేసవిలో ఆయనకు మిట్టమధ్యాహ్నం! ఆరోవారు మా బావ.

మాది తెనాలి. అక్కని ఇచ్చింది శంషాబాద్‌లో. నేనూ వాళ్ళ వీధిలోనే గది తీసుకున్నాను. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇక్కడికి వచ్చాక ఈ ఊళ్ళో చాలామంది బతుకులు విమానాశ్రయం చుట్టూ అల్లుకున్నాయి. బావ అంతకుముందు బెంగళూరు రోడ్డు మీద ఆటో నడిపేవాడు. ఇప్పుడు కార్గోలో పని. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. శనివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క రాత్రీ మాతో ఆడాలని ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనుక్కున్నాడు పాపం.

మేం వెళ్ళే రైడ్ పేరు ‘వాల్ట్ ఆఫ్ గ్లాస్’. 2014లో మొదటి ‘డెస్టినీ’లో వచ్చింది, 2021లో రెండో దాంట్లోకి తెచ్చారు. అందులో ఒక ఘట్టంలో ఏడు చోట్ల ‘ఒరాకిల్స్’ అనే దీపాల్లాంటివి ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. అవి వెలిగిన వరసలోనే కొట్టాలి. వరస తప్పుతూ పోతే జట్టంతా హరీ! మైకులో “ఎల్ టూ, ఆర్ త్రీ, మిడ్” అంటూ గడగడా చెప్పుకుంటాం. బావ ఎల్ అంటే కుడికీ, ఆర్ అంటే ఎడమకీ తిరుగుతున్నాడు. పదకొండుసార్లు చచ్చాం. అర్ధరాత్రి దాటింది. నా ఒళ్ళు మండిపోయింది.

“చిన్నపిల్లలకైనా కుడీ ఎడమా తెలుస్తాయి బావా! నీ ఒక్కడి వల్ల ఇంతమంది రాత్రి పాడైంది!” అనేశాను.

మైకులో ఎవరూ మాట్లాడలేదు. మా ఇంటి మీదుగా దిగుతున్న విమానం హోరు ఒక్కటే వినిపించింది. ఆ తర్వాత బావ గొంతు. “నాతోని కాదు లే బామ్మర్దీ. మీరు ఆడుకోన్రి.” అంతే, వెళ్ళిపోయాడు.

సోమవారం అక్క ఫోను. “ఏమన్నావురా మీ బావని? డ్యూటీ నుంచి వచ్చి మాటా పలుకూ లేకుండా పడుకుంటున్నారు. ఆ కంప్యూటర్ అమ్మేస్తానంటున్నారు.”

మన ఇళ్ళల్లో అక్క మొగుణ్ణి ఓ మాటంటే అది అక్కణ్ణే అన్నట్టు! ఆట అయినా అంతే. కంప్యూటర్ తెరమీద ఉన్నది ఉత్త బొమ్మే కావచ్చు, మైకులో మాట పడ్డది మాత్రం మనిషే కదండీ!

ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా చెబుతాను. నేనూ ఒకప్పుడు ఇలాంటివాణ్ణే. అదే రైడ్‌లో గార్గన్లు అనే రాక్షసులు తిరిగే చీకటి దారి ఒకటుంది. ఆరుగురిలో ఏ ఒక్కరు వాటి కంటబడినా ఆరుగురికీ నూకలు చెల్లినట్టే. నేను తొమ్మిదిసార్లు కంటబడ్డాను! అప్పుడు బెజవాడ కుర్రాడు, నాలో సగం వయసువాడు, ఒక్క మాటన్నాడు. “అన్నా, నువ్వేం చూడకు. నా వీపు చూస్తూ నడు.” నడిచాను. దాటాను. రెండేళ్ళకే మరిచిపోయాను. కొత్తలో ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడిచినవాళ్ళమే కదా, మనకి నడక వచ్చాక ఆ చెయ్యి ఎందుకు గుర్తుండదో!

సినిమా పాఠకులకి ఆదుర్తి సుబ్బారావు గారి ‘తేనెమనసులు’ (1965) సంగతి నేను చెప్పాలా? అంతా కొత్తవాళ్ళతో తీశారు. రషెస్ చూసిన పంపిణీదారులు కృష్ణ గారి నటన బాగోలేదు, మార్చెయ్యండని పట్టుబట్టారట. ఆదుర్తి గారు ససేమిరా అన్నారట. మరుసటేడే ‘గూఢచారి 116’! ఆ తరువాత కథ మీకు తెలిసిందే. ఆ రోజు ఆయన “సరే, మార్చేద్దాం” అని ఉంటే? మన ఆటల్లోనూ ‘కిక్’ అనే బటన్ ఉంటుంది. నొక్కడం ఒక్క క్షణం పని. కాని ఆ బటన్ నొక్కేముందు, అవతలివాడు ఎందుకు తడబడుతున్నాడని ఒక్కసారైనా అడిగామా అన్నదే ప్రశ్న.

అలాగని వచ్చినవాళ్ళందరినీ మోయాలని అనడం లేదు. డల్లాస్ ఆయన సెలవు పూటా సెలవు పూటే, బెజవాడ పిల్లల పరీక్షలూ పరీక్షలే. గెలవడానికే ఆడే రాత్రి వేరు, నేర్పడానికి ఆడే రాత్రి వేరు. ఏ రాత్రి ఏదో మొదలుపెట్టకముందే చెప్పుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. కొత్తవాడికీ ఒక ధర్మం ఉంది. “నాకిది కొత్త, ఈ ముక్క అర్థం కాలేదు” అని నోరు విప్పాలి. తెలిసినట్టు నటిస్తే అందరి సమయం వృథా. ఇక తెలిసినవాళ్ళు చెయ్యాల్సింది, అయిదుగురూ ఒక్కసారే సలహాలతో మీద పడకుండా ఒక్కరే చెప్పడం. చెప్పేది నలుగురి ముందు కాకుండా పక్కకి పిలిచి చెప్పడం. పది సార్లు ఓడితే పదకొండోసారికి పోకుండా కాసేపు టీ తాగి రావడం!

‘ఫైనల్ ఫాంటసీ 14’ అనే ఆటలో ఇంకో అడుగు ముందుకేశారు. ఆ ఘట్టం మొదటిసారి ఆడేవాడు జట్టులో ఉంటే, గెలిచాక అందరికీ అదనంగా బహుమతి వస్తుంది. కొత్తవాణ్ణి చూసి మూతి ముడుచుకోకుండా “రావయ్యా” అనేలా చేశారన్నమాట. మనకి ఆ బహుమతి ఆశ లేకపోయినా ఆపాటి మర్యాద ఉండొద్దూ?

సరే, అసలు కథకొద్దాం. అమ్మపల్లి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే, బావ డ్యూటీ దిగే వేళకి బస్టాండు దగ్గర టీకొట్టులో కాపు కాశాను. “బావా, నాదే తప్పు” అన్నాను. ఆయన మాట్లాడలేదు. ఆ డైరెక్టర్ గారి లైటు కథ చెప్పాను. అప్పుడు కాస్త నవ్వాడు. “నాకు కుడీ ఎడమా తెల్వదా బామ్మర్దీ? మీరు ఎల్ టూ, ఆర్ త్రీ అని గడగడ అంటరు. అది నేను మనసుల తెలుగుల తిప్పుకునేసరికి అయిపోతది” అన్నాడు.

హతోస్మి! ఇంత చిన్న సంగతి పదకొండు చావుల్లో ఒక్కసారి కూడా అడగలేదు నేను!

ఏడు చోట్లు. బావ ఏళ్ళ తరబడి ఆటో నడిపిన రోడ్డు మీద వరసగా ఏడు ఊళ్ళ పేర్లు అక్కడే టీ గ్లాసుల మధ్య లెక్కేశాం. ఆరాంఘర్, గగన్‌పహాడ్, సాతంరాయి, శంషాబాద్, తొండుపల్లి, పాలమాకుల, కొత్తూరు. ఎడమ చివర ఆరాంఘర్, కుడి చివర కొత్తూరు, నడిమధ్య మన శంషాబాద్!

ఆ శనివారం వినాలి మీరు! బెజవాడ కుర్రాళ్ళు ఎప్పుడూ చూడని సాతంరాయిని పేరు పెట్టి కేకలేస్తున్నారు. డల్లాస్ నుంచి “పాలమాకుల! పాలమాకుల!” అంటూ ఒకటే అరుపు, కండక్టర్లా! బావ ఒక్కటి కూడా తప్పలేదు. మూడో ప్రయత్నానికే ఆ ఘట్టం దాటేశాం.

తరువాత గార్గన్ల దారి. బావ బుద్ధిగా బెజవాడ కుర్రాడి వీపు చూస్తూ నడుస్తున్నాడు. నేను మహా గురువుని కదా, “ఇటు రండి” అంటూ ముందు నడిచాను. గార్గన్ కంటబడ్డాను. ఆరుగురమూ పోయాం.

మైకులో మళ్ళీ అదే నిశ్శబ్దం. ఎవరేమంటారోనని నా గుండె దడదడలాడింది. మొదట పలికింది బావే.

“ఏం గాదు బామ్మర్దీ. లైటు సరిగ లేదేమో. పా, మల్ల పోదాం.”

ఇంతకీ ఆ రాత్రి రైడ్ పూర్తయిందా అంటారా? లేదండీ. వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం. ఆరుగురమూ!