బండి కంటే ముందు మనిషి



మోటార్‌హోమ్ అనే మాట మనకు కొత్త కావచ్చు గాని, బండినే ఇల్లు చేసుకుని బతకడం కొత్త కాదు. లారీ డ్రైవర్లు ఎన్నో ఏళ్ళుగా క్యాబిన్‌లో పడుకుంటూ, రోడ్డు పక్కన స్టవ్ వెలిగించి వండుకుంటూ దేశమంతా తిరుగుతున్నారు. నాకూ ఒక పాత వ్యాను ఉంది. అందులో చెక్కబల్ల మంచం, చిన్న గ్యాస్ సిలిండరు, నీళ్ళ క్యాను ఉంటాయి. వరంగల్ వైపు ఊళ్ళకు దాంట్లోనే ఒంటరిగా వెళ్ళి వస్తుంటాను.

ఇలా తిరిగేవారికి ఒక శోధన ఉంటుంది. బండే ఇల్లు గనుక, దానిమీద చిన్న గీత పడ్డా గోడ కూలినట్టు అనిపిస్తుంది. ఏం జరిగినా కళ్ళు ముందు బండి మీదికే పోతాయి.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం ఘట్‌కేసర్, ఉప్పల్ మీదుగా వచ్చి, రామంతాపూర్ రోడ్డులో అంబర్‌పేట వైపు వెళ్తున్నాను. సన్నగా వాన పడుతోంది. ముందు బస్సు ఆగింది, నేనూ ఆగాను. వెనక నుంచి ఒక బైకు వచ్చి గుద్దుకుంది. పార్సిళ్ళు అందించే కుర్రాడు కింద పడ్డాడు.

నేను ఇండికేటర్లు నాలుగూ వెలిగించి, ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, సిలిండరు రెగ్యులేటర్ కట్టేసి ఉందో లేదో చూసుకుని దిగాను. అప్పటికే అతను లేచి నా బండి వెనక లైటునే చూస్తున్నాడు. అది పగిలిపోయింది.

"లైటుకు ఎంతైతదో చెప్పుండ్రి సార్, జీతం రాంగనే ఇస్త" అన్నాడు.

అతని ప్యాంటు చిరిగి మోకాలి దగ్గర రక్తం కారుతోంది. అది అతనికి తెలియనే లేదు. ఆ పిల్లవాడు కూడా తనకంటే ముందు బండినే చూశాడు! "లైటు సంగతి తర్వాత తమ్ముడూ, తలకేమైనా తగిలిందా?" అని అడిగాను. హెల్మెట్ ఉంది గనుక తల భద్రం. బైకును పక్కకు తీయించి, నీళ్ళతో గాయం కడిగి, దూది పెట్టి కట్టు కట్టాను. డాక్టరుకు చూపించి ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకోమన్నాను.

ఈలోగా జనం చేరారు. "పైసలు తీసుకోని వదులుండ్రి" అని ఒకరు, "ఈ వయసుల ఒక్కడివే తిరుగుడెందుకు పెద్దాయనా" అని ఒకరు. నేను వాదించలేదు. రెండు ఫొటోలు తీసుకున్నాను. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి ఇద్దరి నంబర్లూ రాసుకున్నాడు. వెనక లైటు లేకుండా చీకట్లో నడిపితే మన వెనక వచ్చేవారికి ప్రాణం మీదికి వస్తుంది గనుక, ఒక దుకాణం యజమానిని అడిగి ఆ రాత్రి అక్కడే ఆగాను. పొద్దున మెకానిక్ లైటు మార్చాడు. నాలుగు వందల యాభై రూపాయలయ్యాయి. నాకూ అది తేలిక కాదు. కానీ ఆ కుర్రాడికి ఆ పూట పని పోయింది, దెబ్బ తగిలింది. అంతకంటే అతని దగ్గర తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

చట్టం కూడా ఈ వరుసనే చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత. 2019 సవరణలో చేర్చిన 134ఎ సెక్షన్, మంచి మనసుతో ఆదుకున్నవారికి రక్షణ ఇస్తుంది. తమ పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు. ఆ సాయం చేసేవారిని చట్టం 'గుడ్ సమారిటన్' అంటుంది. దారిలో గాయపడి ఒంటరిగా పడి ఉన్న బాటసారి కథలోనుంచి వచ్చిన పేరు అది.

ఎవరూ గుద్దకపోయినా ఇదే వరుస. హైవే మీద పంక్చరైతే, చక్రం పాడైనా ఫరవాలేదు, బండిని నిదానంగా నడుపుతూ రోడ్డు అంచు దాటించండి. ఎర్ర త్రికోణం వెనక దూరంగా పెట్టండి. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేయండి. ట్రాఫిక్ వైపు చక్రమైతే మీరు విప్పకండి, జాతీయ రహదారి సహాయానికి 1033కు ఫోన్ చేయండి. అపాయం ఉంటే 112. ఇంజన్ వేడెక్కితే చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి. రాత్రి ఎక్కడ ఆగారో ఇంట్లోవారికి చెప్పండి.

ఒంటరి ప్రయాణమంటే ఎవరి సాయమూ అడగకూడదని కాదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మొదటి దూర కారు ప్రయాణం చేసినప్పుడు, మూసుకుపోయిన ఇంధన గొట్టాన్ని తన టోపీ పిన్నుతో తానే శుభ్రం చేసుకుంది. బ్రేకులు అరిగినప్పుడు మాత్రం చెప్పులు కుట్టేవారి దగ్గరికి వెళ్ళి తోలు వేయించుకుంది. మనకు చేతనైంది మనం చేసుకుందాం, చేతకానిది అడుగుదాం.

మీరు బయల్దేరే ముందు పానాల పెట్టె ఒకసారి తెరిచి చూడండి. దూది, కట్టుగుడ్డ, నీళ్ళ సీసా అన్నిటికంటే పైన పెట్టండి. జాకీ వాటి కింద ఉన్నా ఫరవాలేదు.