తుపాకీ మడమకు కొత్త రబ్బరు

డాలస్ దగ్గర మేముండే ఊళ్లో ట్రాప్ షూటింగ్ క్లబ్బు ఉంది. గాల్లోకి ఎగిరే పళ్లేలను తుపాకీతో పగలగొట్టాలి, రౌండుకు 25. నాది పాత రెమింగ్టన్ 870, 12 బోరు. ఆ మోడల్ 1950 నుంచీ ఉంది కాబట్టి నాదానికి ఎంత వయసో అడక్కండి. మడమకున్న రబ్బరు ప్యాడు ఏళ్ల తరబడి ఎండి, గోరు కూడా దిగనంత గట్టిపడిపోయింది. రెండో రౌండయ్యేసరికి కుడి భుజం కమిలిపోయేది, సోమవారం కారు స్టీరింగ్ తిప్పాలంటే ప్రాణం మీదికొచ్చేది. మెత్తటి ప్యాడు ఉన్నా తుపాకీ తన్నక మానదు. కాకపోతే రబ్బరు నొక్కుకునేంతసేపు ఆ తన్ను సాగుతుంది, భుజానికి ఒక్కసారిగా తగలదు.

కొత్త ప్యాడు వేయమంటే తుపాకులు బాగుచేసే మనిషి నెలలు ఆగమన్నాడు. అన్నాళ్లు ఆగే ఓపిక నా భుజానికి లేదు.

లోపల తూటాలు లేవని చూసుకుని మొదలుపెట్టాను. పాత ప్యాడు స్క్రూలు రబ్బరు లోపల దాక్కుని ఉంటాయి. చీలిక వెతికి, వాజలీన్ రాసిన స్క్రూడ్రైవర్ దింపితే ఊడాయి. తర్వాత మడమ లోపలి బోల్టును పొడవాటి స్క్రూడ్రైవర్‌తో విప్పి, చెక్కను విడదీశాను. కొత్త ప్యాడు రంధ్రాలు పాతవాటికి కలవలేదు. పాత రంధ్రాల్లో జిగురు రాసిన చెక్కపుల్లలు బిగించి, ఆరాక కొత్తగా డ్రిల్లు వేశాను. మందం మాత్రం పాతదానిలాగే అంగుళం. అది నా అదృష్టం, లేకపోతే ట్రిగ్గర్ నుంచి మడమ చివరి దాకా ఉన్న కొలత మారి చెక్క కోయాల్సి వచ్చేది.

అసలు కష్టం అరగదీయడంలో ఉంది. ఈ ప్యాడులు చెక్క కంటే పెద్దవిగా అమ్ముతారు, ఎవరి తుపాకీకి తగ్గట్టు వాళ్లు తగ్గించుకోవాలి. ప్యాడు బిగించి చుట్టూ గీత గీసి, ఊడదీసి, రాత్రంతా ఫ్రీజర్‌లో గోంగూర పొట్లాల పక్కన పెట్టాను. గడ్డకట్టిన రబ్బరు బెల్ట్ సాండర్ మీద పొడిగా రాలుతుంది. మెత్తబడగానే జిగురై పట్టేస్తుంది. టెక్సస్ జులైలో ఎంతసేపు గడ్డకట్టి ఉంటుంది? మాస్కు ఉన్నా ముక్కు చీదితే నల్లగా వచ్చేది. చెమటకు రబ్బరు పొడి మెడంతా అంటుకునేది. మా ఆవిడ తలుపు సందులోంచి, "ఏమండీ, ఆ బట్టలు గ్యారేజీలోనే విడిచి రండి. ఇల్లంతా టైరు తగలబెట్టిన కంపు" అంది.

కింది కొస మరీ పీడించింది. చెక్క అక్కడ ఏటవాలుగా దిగుతుంది, రబ్బరూ అదే వాలులో సాగాలి. నిటారుగా అరగదీస్తే గూనిలా పొడుచుకొస్తుంది. గీత దగ్గరపడ్డాక మిషన్ ఆపేసి, ప్యాడును చెక్కకు బిగించి, 220 నంబరు గరుకు కాగితంతో చేత్తోనే రుద్దాను. రబ్బరు వేలికింద వంగి తప్పించుకుంటుంది, పక్కనున్న వాల్‌నట్ చెక్క మాత్రం ఇట్టే అరిగిపోతుంది. అందుకే చెక్క చుట్టూ మాస్కింగ్ టేపు మూడు వరసలు చుట్టాను. పై వరస పీచు లేవగానే చెయ్యి వెనక్కి తీసేవాణ్ని. రుద్దాల్సిందీ భుజం కమిలిన ఆ కుడి చేత్తోనే. ఎడమ చేత్తో రుద్దితే కాగితం అదుపులో ఉండేది కాదు. రెండు నిమిషాలు రుద్దడం, భుజం పట్టుకుని కూర్చోవడం.

టేపు ఊడదీసి అతుకు మీద గోరు నడిపితే ఎక్కడా తట్టలేదు, వార్నిష్ చెక్కుచెదరలేదు. భుజం ఇప్పుడు కమలడం లేదు గానీ, తుపాకీ ఎత్తినప్పుడల్లా ప్యాడు పై అంచు చొక్కాకు పట్టేస్తోంది. దాన్ని కాస్త గుండ్రం చేయాలి. ఆ పని చలికాలానికి వాయిదా వేశాను.