లేక్ వన్ మీద కుర్చీ పంచాయితీ

ఈలీ ఊరు దాటాక ఫెర్న్‌బర్గ్ రోడ్డు అడవిలో పడి పోయి పోయి, లేక్ వన్ దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి తెడ్డే గతి. మిన్నెసోటా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని పది లక్షల ఎకరాలకు పైగా ఉన్న బౌండరీ వాటర్స్ ఇది. వెయ్యికి పైగా సరస్సులు, చాలావాటిలో మోటారు నిషేధం. తిండి, పానీయాల రేకు డబ్బాలు, గాజు సీసాలు కూడా లోపలికి తీసుకెళ్ళనివ్వరు. కుర్చీ వద్దని మాత్రం ఎక్కడా లేదు.

మామయ్యది కొల్లేటి లంక ఊరు. నడుం నొప్పి మనిషి. కెనూలు (సన్నటి తెడ్డు పడవలు) అద్దెకిచ్చే చోట, సీటుకు పట్టీలతో బిగించే మెత్తటి వీపుకుర్చీ కంటబడగానే ఇంకేం వినిపించుకోలేదు. ముందు సీట్లో అది బిగించుకుని, హాయిగా చేరగిలబడ్డాడు.

గట్టు వదిలామో లేదో కెనూ వణకడం మొదలెట్టింది. ఇరవై కిలోలు కూడా తూగని కెవ్లార్ పడవ; అందులో బరువంటే మనుషులమే. కుర్చీ అడుగున మెత్త రెండంగుళాలుంటుంది, ఆ మేరకు ఒంటి బరువు పైకి లేస్తుంది. దోషమంతా దానిదేననుకుని అదే చెప్పాను.

"కొల్లేట్లో తాటిదోనె మీద నిలబడి గెడ వేసేవాళ్ళంరా! దానికంటే ఎత్తా ఇది?" అన్నాడు.

నిజమే. కాసేపు తెడ్డు వేశాక మళ్ళీ తనే అన్నాడు: "నిలబడితే మోకాళ్ళు వదులుగా ఉంటాయి. దోనె ఊగితే కాళ్ళు ఊగుతాయి, తల ఊగదు."

అసలు కిటుకు అదే. కూర్చున్నప్పుడు ఆ పని నడుం చెయ్యాలి. పడవ పక్కకు ఒరిగితే తుంటి దానితో ఒరగాలి, మొండెం నిటారుగా ఉండిపోవాలి. భుజాల దాకా ఆనుకుని బిగుసుకుంటే పడవ ఒరిగినంతా తలా ఒరుగుతుంది. పైగా వెనక్కి వాలితే తెడ్డు ముందుకు అందదు, ముందు కొస తేలికై గాలికి తిరిగిపోతుంది.

లేక్ టూకి పోవాలంటే రెండు పోర్టేజీలు (పడవను మోసుకుంటూ నడిచే దారులు), నడుమ ఓ మడుగు. పోర్టేజీ పొడవు రాడ్లలో చెప్తారు. రాడ్డంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు. మొదటిదాని చివర మెత్త తీసేసి, వీపు పలక నడుం కింది భాగానికి మాత్రమే తగిలేలా దించి, పట్టీలు వదులు చేశాం. అంతే, వణుకు పోయింది. నొప్పి ఉన్నవాళ్ళకు ఆ పాటి ఆసరా మంచిదే. అలిసిపోయి కూలబడ్డ నడుం పడవను ఏం నిలబెడుతుంది?

లేక్ టూ నుంచి లేక్ త్రీకి నీటిదారే. (పేర్లు పెట్టినాయనకు ఓపిక చాలలేదు కాబోలు.) 2011లో పాగమీ క్రీక్ కార్చిచ్చు తొంభై వేల ఎకరాలకు పైగా కాల్చింది ఇక్కడే. నల్లటి మోడుల మధ్య జాక్ పైన్ మొక్కలు ఒత్తుగా లేచాయి. లేక్ త్రీ వెడల్పాటి సరస్సు, పడమటి గాలికి అలలు తెల్లబడుతున్నాయి. నేను వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను: మోకాళ్ళు ఎడంగా పడవ అడుగున, పిరుదులు సీటు అంచున. ఒంటి బరువు కిందికి దిగుతుంది, నడుం స్వేచ్ఛగా ఉంటుంది. మామయ్య మోకాళ్ళు అందుకు ఒప్పుకోవు. ఆయన పట్టీలు ఊడదీసి, కుర్చీని సామాను మీద పడేసి, ఉత్త సీటు మీద నిటారుగా కూర్చున్నాడు.

"ఆ ఒడ్డు చేరేదాకా నాతో మాట్లాడకు," అన్నాడు.