టైల్ పెచ్చు లేస్తే ఇల్లంతా తవ్వాలా?

కొత్తగా టైల్స్ వేయించుకున్న ఇంట్లో మొదటి ఆర్నెల్లూ ఒకటే హెచ్చరికలు. "బిందె నెమ్మదిగా దించు", "కుర్చీ ఈడవకు" అంటూ. ఆ తర్వాత ఏదో ఒకరోజు ఏ కుక్కర్ మూతో జారిపడుతుంది, పెచ్చు లేస్తుంది. లేవని ఇల్లు నేనింతవరకూ చూడలేదు. చిత్రమేమిటంటే గదిలో వంద టైల్స్ నిగనిగలాడుతున్నా వచ్చినవాళ్ల కళ్లు మాత్రం ఆ ఒక్కదాని మీదే వాలతాయి!

మా ఇంట్లో ఆ పని పచ్చడి బండ చేసింది. మా అత్తయ్యకి డెబ్బై ఆరేళ్లు. మిక్సీలో వేసింది అసలు పచ్చడే కాదంటారావిడ. పోయిన సంక్రాంతి ముందు దోసకాయ పచ్చడి నూరుతుంటే బండ చేతిలోంచి జారి, రోలు పక్కనున్న టైల్ మీద పడింది. రూపాయి బిళ్లంత పెచ్చు, దాన్నుంచి మూలదాకా వెంట్రుకంత చీలిక. కాలి మీద పడలేదు, అదే పదివేలు అనుకున్నాం. కానీ మర్నాడు గోంగూర ఉడికించి నేను రోలు కడగబోతే, "ఎందుకమ్మాయ్, మిక్సీలో తిప్పెయ్" అన్నారు. ఆ మర్నాడూ అంతే. రోలు మీద పాతగుడ్డ కప్పేశారు. వంటింట్లోకి ఎవరొచ్చినా, వాళ్లడగకుండానే "నేనే పగలగొట్టాను" అని చెప్పడం మొదలెట్టారు.

మావారు మేస్త్రిని పిలిచారు. "ఈ డిజైను ఇప్పుడు రావట్లేదమ్మా. ఇదొక్కటీ తీస్తే పక్కవీ లేస్తాయి. మొత్తం మార్చేద్దాం" అన్నాడు. అతను చెప్పింది మరీ అబద్ధమేం కాదు. ఒకే డిజైను అయినా, ఒక్కో విడతలో కాల్చినవి ఒక్కో ఛాయలో వస్తాయి. అందుకే పెట్టెల మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు వేస్తారు. మాకు మిగిలిన నాలుగు టైల్స్ మామయ్యగారు ఉన్నప్పుడు తన చేత్తో తులసికోటకి అతికించారు. వాటిని ఊడబెరికే ఉద్దేశం ఎవరికీ లేదు. "మొత్తానికి ఎంతవుతుందట?" అని అత్తయ్య ఆ సాయంత్రం మూడుసార్లు అడిగారు. మూడోసారి అడిగాక, తవ్వకం మాట ఇక ఈ ఇంట్లో వద్దని మావారితో చెప్పేశాను.

అసలు టైల్ అంటే కాల్చిన మట్టి, పైన గాజులాంటి పలచని పూత. నీళ్లని ఆపేది ఆ పూతే. పెచ్చు లేచిన చోట లోపలి మట్టి బయటపడి నీళ్లనీ, నూనెనీ, మురికినీ పీల్చుకుంటుంది. వదిలేసిన పెచ్చు నాలుగు నెలల్లో నల్లమచ్చ అయ్యేది అందుకే. ఆ గాజుపూత ఇంట్లో మళ్లీ పుట్టించలేం, అది కొలిమి పని. గుంట పూడ్చి పైన రంగు వెయ్యడం మాత్రం మన చేతిలో పనే.

ముందు టైల్ మీద నాణెంతో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే కింద సిమెంటు వదిలేసిందన్నమాట. దానికి రంగు వేసి లాభం లేదు. చీలిక ఒక టైల్‌తో ఆగకుండా వరసగా నాలుగైదింటిలో పాకినా అంతే, నేల కదులుతోందని అర్థం. మేస్త్రి రావలసిందే. మాది గట్టిగానే మోగింది.

సబ్బుపొడితో జిడ్డు వదిలేలా కడిగి, ఆరాక గుంటలో స్పిరిట్‌తో తుడిచాను. ఆపైన ఒక రోజంతా ఆరనివ్వాలి. ఈ ఆరబెట్టడంలోనే చాలామందికి ఓపిక చాలదు. లోపల చెమ్మ ఉంటే వేసిందంతా పొరలా లేచొస్తుంది. ఎమ్‌సీల్ ముద్దలు రెండూ సమంగా తీసుకుని, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ఒకే రంగు వచ్చేదాకా పిసికాను. అరగంటలోపు పని కానివ్వాలి. గుంటలో గట్టిగా అదిమి, టైల్ కన్నా వెంట్రుకవాసి పల్లంగా ఉంచితే రంగుకి చోటుంటుంది. గట్టిపడ్డాక 400 నంబరు ఉప్పుకాగితంతో ఆ ముద్ద మీద మాత్రమే రుద్దండి. చుట్టూ రుద్దారంటే ఉన్న మెరుపు కాస్తా పోతుంది.

ఇక రంగు. తెల్ల టైల్ అంటాం గానీ ఏ టైలూ డబ్బాలోని తెలుపులా ఉండదు. చిన్న తెల్ల ఎనామిల్ డబ్బా కొన్నాను. తలుపులకు వేయగా మిగిలిన గోధుమరంగు, గేటుకి వేసిన పసుపు ఇంట్లోనే ఉన్నాయి. గాజుముక్క మీద అగ్గిపుల్లతో కలుపుతుంటే అత్తయ్య పీట లాక్కుని కూర్చున్నారు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆవిడ కళ్లు నాకన్నా నయం. "పసుపు ఎక్కువైంది. ఊఁ, తెలుపు పొయ్యి. ఇప్పుడా గోధుమరంగు ఒక్క మొన" అంటూ ఆరుసార్లు తిరగ్గలిపించారు. కిటికీ దగ్గర పగటి వెలుగులోనే చూడమన్నదీ ఆవిడే. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు పొద్దున్నే మాట తప్పుతుంది మరి! ఆరాక ఛాయ కొంచెం మారుతుంది కనుక గాజు మీది చుక్కని మర్నాటిదాకా ఉంచి, అప్పుడు వేశాం. సన్నకుంచెతో పలచగా మూడు పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు ఎడం. చీలికలోకి రంగు దించి, పక్కల అంటింది గుడ్డతో తుడిచేయడమే. వేసినంతసేపూ కిటికీలు తీసి ఉంచి, పొయ్యి వెలిగించలేదు. మూడో పూత ఆరిన మూడోనాడు రోలు మీద గుడ్డ లేదు. కొబ్బరి పచ్చడి అయింది. రోలు కింద మాత్రం గోనెపట్టా వేయించుకున్నారు.

దగ్గరగా వంగి చూస్తే అతుకు తెలుస్తుంది. తెలిస్తే తెలియనివ్వండి. అయితే పొయ్యి పక్కన వేడి తగిలేచోట, స్నానాలగదిలో నీళ్లు నిలిచేచోట ఈ రంగు నిలవదు. చపాతీ పిండి కలిపే గట్టు మీద అసలే వద్దు. గోళ్లరంగు పూసే చిట్కా ఒకటి చెబుతుంటారు. అది గోడ టైల్‌కి నాలుగు రోజుల ముచ్చట, నేల మీద ఇట్టే అరిగిపోతుంది. బాగుచేసిన చోట యాసిడ్ పోయకండి, పీచుతో తోమకండి, తడిగుడ్డ చాలు. నడిచేచోట కనుక ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఒక పూత పడుతుంది. కలిపిన రంగు మిగిలింది చిన్న సీసాలో బిరడా బిగించి దాచాను. "వంటింటి టైల్" అని చీటీ అంటించింది అత్తయ్యే.