అమ్మాయి బొమ్మల చదువు

మీ ఇంట్లో ఇంజనీరింగూ, మెడిసినూ కాదని "బొమ్మల సినిమాలు తీయడం చదువుతానమ్మా" అన్న పిల్లలెవరైనా ఉన్నారా? ఉంటే అప్పుడు జరిగిన రభస గురించి మీకు నేను చెప్పేదేముంది! సీటు వచ్చేదాకా ఒక ఎత్తు. వచ్చాక ఏ సెమిస్టర్లో ఏ సబ్జెక్టు తీసుకోవాలన్నది ఇంకో ఎత్తు. ఈ రెండో దాని గురించి మాకెవరూ చెప్పలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను చదివింది ఇంటర్మీడియెట్టే లెండి. అయినా ఇది చదువు లెక్క కాదు, ఇల్లు నడిపే లెక్కే.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో బి.ఎఫ్.ఏ. చేసి, సీడ్ పరీక్ష రాసి, వేరే రాష్ట్రంలో యానిమేషన్ లో ఎం.డిజైన్ చేరింది. సీడ్ అంటే బొంబాయి ఐ.ఐ.టి. వాళ్ళు పెట్టే పరీక్ష. కొంత కంప్యూటర్ మీద, కొంత కాగితం మీద బొమ్మలు గీసి రాయాలి. వీళ్ళ కోర్సు రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు. మొదటి సెమిస్టరు అందరికీ ఒకటే. తర్వాత రెండింటిలో కొన్ని సబ్జెక్టులు పిల్లలే ఎంచుకోవాలి. ఒక్కో సబ్జెక్టుకి ఇన్ని క్రెడిట్లని ఉంటాయి, అన్నీ కలిపి ఇంతకి తగ్గకూడదు. నాలుగో సెమిస్టరు మొత్తం సొంత సినిమా.

మొన్న డిసెంబరు సెలవులకి వచ్చినప్పుడు పాత క్యాలెండరు కాగితం తిరగేసి, గళ్ళు గీసి, "అమ్మా, ఇదీ నా ప్లాను" అని చూపించింది. రెండో సెమిస్టర్లో 3డి సాఫ్ట్‌వేరు సబ్జెక్టులు రెండు, మట్టిబొమ్మల్ని కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసే స్టాప్ మోషన్ ఒకటి. మూడులో కథ రాయడం, సౌండు. మావారు "భేష్" అన్నారు. ఆయన మాటా తీసెయ్యలేం. బ్యాంకు అప్పు ఉంది, 3డి వస్తే ఉద్యోగం త్వరగా వస్తుందని ఆయన ఆశ.

నేను మాత్రం "సినిమా ఎంతసేపు?" అని అడిగాను. అయిదు నిమిషాలంది. ఇంతేనా అనుకున్నాను. అది లెక్క వేసి చూపిస్తే గుండె జారిపోయింది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములట. అయిదు నిమిషాలంటే 300 సెకన్లు, అంటే 7,200 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడతారు కాబట్టి 3,600 బొమ్మలు. రోజుకి ముప్ఫై గీసినా నూట ఇరవై రోజులు. నాలుగు నెలలు! జ్వరం రాకూడదు, పండగ రాకూడదు. రంగులూ, బ్యాక్‌గ్రౌండు దృశ్యాలూ దీనికి అదనం.

మరి నాలుగో సెమిస్టరంతా గీయడానికే సరిపోతే, కథ ఎప్పుడు తేల్చుకోవాలి? పెళ్ళివంట తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే అవుతుందా చెప్పండి? ముందురోజే కూరలు తరిగి, పప్పులు నానబోసి ఉండాలి. వీళ్ళ పనికీ అలాగే వరస ఉంది. ముందు కథ. తర్వాత దృశ్యాలన్నీ చిన్న చిన్న గళ్ళల్లో గీసుకునే స్టోరీబోర్డు. ఆ గళ్ళనే మాటలతో కలిపి వరసగా నడిపి చూసుకునేది యానిమాటిక్. ఎక్కడ సాగుతోందో, ఎక్కడ కత్తిరించాలో అందులోనే తెలిసిపోతుందట. మాటలు ముందే రికార్డు చేసుకుంటారు. గొంతుని బట్టి నోటి కదలిక గీస్తారే గానీ, గీసింతర్వాత గొంతు పెట్టరట. ఈ సంగతి దగ్గరే నేను ఆగిపోయాను.

ఎందుకంటే దాని సినిమా మా అత్తగారి కథ. ఆవిడది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసినప్పుడు ఆవిడ అక్కడే ఉన్నారు. ఆ రాత్రి సంగతి నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ వింటున్నాను. బియ్యం ఏరుతూ చెబుతారు, చింతపండు గింజలు తీస్తూ చెబుతారు. పోయినవాళ్ళ ఫొటో ఒక్కటి లేదు, ఇల్లే లేకుండా పోయింది. ఫొటోల్లేని మనుషుల్ని మళ్ళీ చూపించాలంటే బొమ్మ తప్ప దారేముంది? అమ్మాయి ఈ చదువు ఎందుకు కోరుకుందో నాకు అప్పుడే అర్థమయింది. నీనా సబ్నానీ గారని, యానిమేషన్ పాఠాలు చెప్పినావిడే, 2009లో 'తాంకో బోలే ఛే' అని ఓ చిన్న సినిమా తీశారు. కచ్ లో కుట్టుపని చేసే కళాకారులు, వాళ్ళ కుట్లే బొమ్మలు, వాళ్ళ గొంతులే మాటలు. అమ్మాయి నాకు ఫోన్లో చూపించింది. గుడ్డముక్కలు అలా కదులుతుంటే ఎంత బావుందో! కుట్లూ అల్లికలూ తెలిసినవాళ్ళు తప్పక చూడాల్సిన సినిమా.

అత్తగారికిప్పుడు 82. దసరా నుంచీ ఆయాసం. నాలుగు మాటలు చెబితే ఆగిపోతున్నారు. సౌండు సబ్జెక్టు తీసుకున్నవాళ్ళకే వీళ్ళ కాలేజీలో మంచి రికార్డరు ఇస్తారట. అది మూడో సెమిస్టర్లో అంటే జులై తర్వాత. ఆ మాట అందరికీ తట్టింది, నోటితో ఎవరం అనలేదు. నేనే కాగితం నా వైపు లాక్కుని, "సౌండు ముందుకి జరుపు" అన్నాను.

జరిపితే ఏదో ఒకటి పోవాలి కదా! మావారు 3డి వదలొద్దన్నారు. అమ్మాయి స్టాప్ మోషన్ వదలనంది. దానికి మట్టిపని ప్రాణం. రాత్రి పదకొండు దాకా నడిచింది పంచాయితీ. చివరికి రెండులో సౌండు, కథ, ఒక 3డి. రెండో 3డి మూడో సెమిస్టర్లోకి, స్టోరీబోర్డు పక్కన. వేసవిలో రెండు నెలలు ఏదైనా స్టూడియోలో ఇంటర్న్‌షిప్, ఆ డబ్బు అప్పు వడ్డీకి. స్టాప్ మోషన్ కి ఎక్కడా గడి దొరకలేదు. అమ్మాయి ఏమీ అనలేదు గానీ, కాగితం మీద ఆ పేరు చెరిపెయ్యలేదు, పక్కన చిన్న చుక్క పెట్టుకుంది. ఇంటర్న్‌షిప్ దొరకకపోతే వడ్డీకి నా చీటీ ఉంది. గాజులకని కడుతున్నాను, ఏప్రిల్లో వస్తుంది. మావారికింకా చెప్పలేదు!

కాలేజీలో మేడంగారికి ఫోన్ చేస్తే ఒప్పుకున్నారు, క్రెడిట్లు సరిపోతే చాలన్నారు. మీ పిల్లలున్నా ఇలాగే ముందుగా అడిగించండి. సెమిస్టరు మొదలయ్యాక మార్చుకోవడం కష్టమట.

సంక్రాంతి రోజుల్లో ఫోన్లోనే ఓసారి రికార్డు చేసి చూశాం. ఊరికే కూర్చోబెడితే అత్తగారికి మాట రాదు, అందుకని చేట నిండా చింతపండు ఇచ్చాను. కథ బాగానే వచ్చింది గానీ దాని వెనకాల గింజలు చేటలో పడుతున్న టకటక! ఫ్యాను ఆపాం, ఫ్రిజ్ ఆపాం, ఇది తోచలేదు. ఈసారి పత్తి ఇచ్చి వత్తులు చేయమందామనుకుంటున్నాను.

మార్చిలో నాలుగు రోజులు రికార్డరుతో వస్తానని రాసింది. "నానమ్మా, నీ ముఖం కనపడదు, గొంతే" అని ఎంత చెప్పినా ఆవిడ వింటేనా! బందరు చీర గంజి పెట్టి ఇస్త్రీ చేయించమని నిన్న రెండుసార్లు గుర్తు చేశారు.