వ్రాయని సాక్ష్యము

మా దౌల్తాబాదు నేడు వికారాబాదు జిల్లాలోనిది. 1948 నాటికి కొడంగల్ తాలూకాతోపాటు గుల్బర్గా జిల్లాలో, నిజాము రాజ్యములో నుండెను. ఆ సంవత్సరమును గూర్చి నాకు మొదట తెలిపినది మా ఊరు కాదు, కె. ఎం. మున్షీగారి ఆంగ్లగ్రంథము ‘ది ఎండ్ ఆఫ్ ఆన్ ఎరా’.

మున్షీగారు బొంబాయి న్యాయవాదులు. 1948 జనవరి మొదలు సెప్టెంబరు వరకు హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంటు జనరలుగా నుండి, ఇచ్చటి సంగతులను సర్దారు పటేలునకు తెలుపుచు ఆలోచన చెప్పినవారు. తమ హైదరాబాదు స్మృతులను 1957లో ప్రకటించిరి. 1947 నవంబరు 29 నాటి యథాతథ ఒడంబడిక చర్చలలో నిజామునకు సలహాదారైన వాల్టర్ మాంక్టన్‌గారును న్యాయవాదియే. 1936లో ఎనిమిదవ ఎడ్వర్డు ఇంగ్లండు సింహాసనమును విడుచునపుడు ఆలోచన చెప్పినవారును వీరే. వీరి జీవితచరిత్రను వీరి మరణానంతరము, 1969లో, మరియొకరు వ్రాసిరి.

న్యాయవాది స్మృతులు వ్రాసినను తన పక్షమునే బలపరచును. అది వృత్తిధర్మము, తప్పు పట్టరాదు. కాని ఏ న్యాయస్థానమైనను ఒక్క పక్షము విని తీర్పు చెప్పదు. ఏలికల సలహాదారులు తమ మాట వ్రాసికొనిరి. ఆ సలహాల ఫలమనుభవించిన రైతు మాట ఎక్కడ?

మా తాత ఊరివారికి ఉర్దూలో అర్జీలు వ్రాసి యిచ్చెడివాడు. ఏ అధికారి యెదుట ఏ మాట ముందు చెప్పవలెనో ఆయనకు తెలియును. ఆయనయు ఒక సలహాదారే. నేను సంస్కృతాంగ్లములు చదివి, మున్షీగారి పుటలపై పెన్సిలుతో గీతలు గీయుచుండగా, ఆయన అయిదడుగుల దూరమున మంచముపై పండుకొని యుండెను. ఒకసారి అడిగితిని. “పోయిన కాలంతోని మనకేం పని బిడ్డా” అనెను. రెండవసారి అడుగలేదు. 2004లో ఆయన పోయిన పిమ్మట పెట్టె తెరచితిని. అన్నియు పరుల అర్జీల చిత్తుప్రతులే. తన్ను గూర్చి ఒక్క పంక్తి లేదు. ఆ నేరము ఆయనది కాదు, నాది.

అప్పటినుండి ప్రతి యేట నా విద్యార్థులను ఇంటి వృద్ధులను ప్రశ్నించి వ్రాసికొని రమ్మనుచున్నాను. ఒక బాలిక తన ముత్తవ్వ మాట తెచ్చెను: రాజు మారిన సంగతి పది దినములకు తెలిసినదట, ఇంట జొన్నలు నిండుకొన్న సంగతి ఆనాడే తెలిసినదట. ఏ సలహాదారుని స్మృతులలోను నాకా వాక్యము కనబడలేదు.

సోదరులారా, సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన సైనికచర్యను కన్నులార చూచినవారు నేడు మిక్కిలి కొలదిమంది. మీ యింట అట్టి వారొకరున్నచో, రెండవసారియు అడుగుడు.