వస్తువుకూ ఒక జాతకం

మా యాంత్రిక విభాగంలో ప్రతి పంపుకూ ఒక హిస్టరీ కార్డు ఉండేది. ఏ సంవత్సరం బిగించినదీ, బేరింగు ఎన్నడు మార్చినదీ, ఎవరు మార్చినదీ సమస్తం అందులో వ్రాసి ఉండేది. ఆ కార్డుల నడుమ ముప్ఫై ఏళ్ళు గడిపిన మేము, ఇంటికి కొనే వస్తువుల చరిత్ర మాత్రం ఏనాడూ అడగలేదు.

రెండేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో ఒక మిక్సీ కొన్నాము. పద్నాలుగు నెలలకే అది ఆగిపోయింది. మరమ్మతు దుకాణంలో విప్పి చూచి, "ఈ మోటారు ఎవరు చేశారో, విడిభాగం ఎక్కడ దొరుకుతుందో ఆచూకీ లేదండీ. కొత్తది కొనుక్కోండి" అన్నారు. అంత రాగీ, ఇనుమూ తుక్కుపాలవుతూ ఉంటే మా శ్రీమతి కంటే మాకే ఎక్కువ కష్టం తోచింది.

ఈ లోటు తీర్చడానికే యూరోపియన్ యూనియన్ 'డిజిటల్ ఉత్పత్తి పాస్‌పోర్టు' అనే విధానం తలపెట్టింది. ఇందుకు ఆధారమైన చట్టం 2024 జూలై 18న అమలులోకి వచ్చింది. వస్తువు మీది సంకేతాన్ని ఫోనుతో చూస్తే, అందులోని పదార్థాలు, మరమ్మతు విధానం, చివరకు విడదీసే పద్ధతి వంటి వివరాలు వస్తువును బట్టి తెలియాలి. ఆన్‌లైన్‌లో కొనేవారికి అవి కొనకముందే అందుబాటులో ఉండాలన్నది ఉద్దేశం. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు 2027 ఫిబ్రవరి 18 నుండి పాస్‌పోర్టు ఉండాలని 2023 నాటి బ్యాటరీల చట్టం నిర్దేశించింది. 2025లో ప్రకటించిన కార్యప్రణాళికలో వస్త్రాలు, టైర్లతో పాటు ఇనుము, ఉక్కు, అల్యూమినియం కూడా ఉన్నాయి. కనుక ఇది మన కర్మాగారాలకు దూరపు వార్త కాదు.

ఇది చదివినపుడు సంతోషంతో పాటు ఒక పాత తప్పు గుర్తుకు వచ్చింది. ఒక రాత్రి షిఫ్టు ముగిసే తొందరలో, గ్రీజు పెట్టకుండానే 'పెట్టడమైనది' అని కార్డులో వ్రాసి సంతకం చేశాము. నాలుగవ నాడు బేరింగు పట్టేసింది. మా వ్రాతను నమ్మిన సహోద్యోగి లోపం మరెక్కడో ఉందనుకుని రాత్రంతా వెదికాడు. తెల్లవారి మేము నిజం చెప్పాము. ఆయన కోపగించలేదు. కార్డు మా చేతికిచ్చి, "ముందు దీన్ని సరిచేయండి" అన్నాడు.

కాగితపు కార్డు పోయి ఫోను తెర రావచ్చును. దానిని నమ్మి దూరాన ఎవరో ఒక యంత్రం విప్పుతారు. ఆ మనిషి మొగం తలచుకుని వ్రాస్తే చాలునని మా మనవి.